ఇంటివద్ద కారు బ్యాటరీ ఛార్జింగు: ఒక సమీక్ష

మోటారు బండికి ముందువైపున ఇనుప హ్యాండిలు దూర్చి, చేతితో త్రిప్పి కదలిక తెప్పించు కాలము, 1912లో అమెరికాలోని క్యాడిలాక్ కార్లలో ఛార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు ప్రవేశించుటతో అస్తమింప నారంభించినది. అంతవరకు ఉపాంగముగా ఉండిన బ్యాటరీ ఆనాటినుండి బండి గమనమునకే మూలాధారమైనది. ఆ మూలాధారము సడలినప్పుడు మన ఊళ్లలో వినవచ్చు మాట ఒక్కటే: “సెల్ఫ్ కొట్టడం లేదు.” ఆ మాట వినబడినంతనే నలుగురు చేరి బండిని తోయుట, తోసినను కదలనిచో బ్యాటరీ నూడదీసి రిక్షాలో నెక్కించి బ్యాటరీ షాపునకు చేర్చి, ఒక పగలొక రాత్రి అచ్చట ఛార్జింగు పెట్టించి మరల తెచ్చి బిగించుట నిన్నమొన్నటి ఆచారము. గేర్లు తమంతట తామే మారు నేటి బండ్లు తోసినను స్టార్టు కావు. చేతిసంచిలో పట్టు ఛార్జరులు మాత్రము ఎలక్ట్రికల్ షాపులలోను ఆన్‌లైను అంగళ్లలోను విరివిగా దొరకుచున్నవి. కావున ఒకప్పుడు వృత్తిపనివాని కొట్టులో జరుగుచుండిన క్రియ నేడు గృహస్థుని పోర్టికోలోనికి వచ్చినది. అది అచ్చట క్షేమముగా సాగునా, సాగవలెనన్న గృహస్థునకు ఏమేమి తెలిసియుండవలెను అనునది ఈ వ్యాసమున విచారణీయాంశము.

ఈ ప్రశ్న ఏ కొందరికో సంబంధించినదని త్రోసిపుచ్చుటకు వీలులేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో అపార్టుమెంటు సెల్లారులందు ధూళి కప్పుకొని నిలిచిన కార్లలో అనేకము, విదేశములందున్న బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు మాత్రము కదలునట్టివి. తక్కిన దినములలో వృద్ధులైన తల్లిదండ్రులు వానిని తుడిపించుటయే గాని నడుపుట లేదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చిన పిమ్మట, వారములతరబడి గేటు దాటని బండ్లలో ఎన్నియో బ్యాటరీలు అడుగంటినవి. తాళము వేసి నిలిపిన కారునందు సైతము గడియారము, అలారము, సెంట్రల్ లాకు మొదలైనవి నిద్రింపవు. ఆరోగ్యముగా ఉన్న బండిలో ఈ గుప్తవ్యయము సాధారణముగా 50 మిల్లీ ఆంపియర్లకు మించదు. ఐనను ఆ లెక్కన రోజునకు 1.2 ఆంపియర్-గంటలు కరగిపోవును గనుక, చిన్న కారులోని 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక నెలలో సంపూర్ణముగా రిక్తమగుటయు, అంతకు చాల ముందుగనే సెల్ఫ్ కొట్టు శక్తిని కోల్పోవుటయు వింత కాదు.

ఛార్జింగు విషయమున ప్రచారములోనున్న అభిప్రాయములను పరిశీలించినచో అవి మూడు తెగలుగా కనబడుచున్నవి. మొదటిది పనివారి అభిప్రాయము. “పన్నెండు వోల్టులండీ, పట్టుకున్నా షాక్ కొట్టదు, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి పెట్టేయండి” అని వారు ధైర్యము చెప్పుదురు. రెండవది ఛార్జరుతో వచ్చు సూచనాపత్రముల అభిప్రాయము. ఇందు నిషేధములు పుటలకొలది ఉండును గాని, ఏది ప్రాణాంతకమో ఏది స్వల్పమో వింగడించి చెప్పునది అరుదు, కారణము చెప్పునది మరియు అరుదు. కావున చదువువాడు భయపడి పని మానుకొనుటయో, విసిగి పత్రమును పారవేయుటయో జరుగుచున్నది. మూడవది విక్రేతల అభిప్రాయము: నేటి ఛార్జరులు స్వయముగా ఆలోచించునవి గనుక క్లిప్పులు తగిలించి నిశ్చింతగా నిదురింపవచ్చునని. ఈ మూటిలో ప్రతిదానియందును కొంత సత్యమున్నది. పన్నెండు వోల్టులు పొడిచేతికి షాకు నీయవనుట నిజము. సూచనాపత్రములలోని నిషేధములు నిరాధారములు కావు. నూతన ఛార్జరులు ప్రాతవానికంటె ఎంతయో మేలైనవి. కాని ప్రమాదము యొక్క అసలు నివాసము ఎచ్చట నున్నదో ఈ మూడును స్పష్టముగా చూపుటలేదని నా అభిప్రాయము. అది వోల్టులలో లేదు. ఛార్జింగు పూర్తి కావచ్చిన వేళ బ్యాటరీ విడుచు వాయువునందును, క్లిప్పు తగిలించు లేక తీయు క్షణమున పుట్టు నిప్పురవ్వయందును ఉన్నది. ఈ రెండును కలియకుండ చూచుకొనుటయే ఇంటివద్ద ఛార్జింగునకు సంబంధించిన నియమములలో అధికభాగమునకు మూలము.

వాయువు ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు బ్యాటరీ నిర్మాణమును కొంచెము విప్పి చూడవలెను. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను గంధకామ్లమున ముంచి, మరలమరల విద్యుత్తు నింపుకొనదగిన మొదటి బ్యాటరీని నిర్మించెను. 1881లో కమీల్ ఫోర్ రేకులపై సీసపు సమ్మేళనములను ముద్దవలె పూయు పద్ధతిని కనిపెట్టగా అది కర్మాగారములలో విరివిగా తయారగుటకు అనువైనది. నేటి కారు బ్యాటరీ వంశమూలము అదియే. మన తెలుగు నేలపై తిరుపతి చెంత కరకంబాడిలో తయారగునదియు అట్టిదే. లోపల ఆరు గదులు, ఒక్కొక్క గదిలో ధన ఋణ ఫలకములు, వాని నడుమ ఆమ్లజలము. ఒక్కొక్క గది 2.1 వోల్టులకు కొంచెమెక్కువగా నిచ్చును గనుక నిండు బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 లేక 12.7 వోల్టులు చూపును. 12.2 చూపినచో సుమారు సగము మిగిలియున్నదనియు, 12 దిగువకు పోయినచో అడుగంటుచున్నదనియు గ్రహింపవచ్చును. విద్యుత్తు వాడుకొనునప్పుడు రెండు ఫలకములును సీసపు సల్ఫేటుగా మారి, ఆమ్లము పలుచబడును. నింపునప్పుడు ఆ సల్ఫేటు విడిపోయి ఆమ్లము మరల చిక్కబడును. అడుగంటిన బ్యాటరీని వారములకొలది అట్లే విడిచినచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా బిగుసుకొని, పిమ్మట ఏ ఛార్జరునకును లొంగదు. దీనినే షాపువారు సల్ఫేషను పట్టినదందురు.

ఇక నింపుటలో చివరి దశ వచ్చునప్పటికి మారదగిన సల్ఫేటు కొరవడును. నిండిన కుండలో ఇంకను నీరు పోసినచో పొరలిపోవునట్లు, అప్పుడు లోనికి తోయబడు విద్యుత్తు తాను చేయవలసిన పని లేక నీటినే విడగొట్ట నారంభించును: ఒక ఫలకమునుండి హైడ్రోజను, రెండవదానినుండి ఆక్సిజను బుడగలుగా లేచును. గదికి సుమారు 2.4 వోల్టులు, అనగా మొత్తము బ్యాటరీపై 14.4 వోల్టులు చేరుచుండగా ఈ బుడగలు తీవ్రమగును. మూతలు గల ప్రాత తరహా బ్యాటరీకి చెవి యొగ్గినచో సన్నని సలసల వినబడుచుండును. వినవలెనని ముఖము దగ్గరకు చేర్చుట మాత్రము ఎన్నడును తగదు. ఈ వాయువు పరిమాణమును మైకేల్ ఫారడే 19వ శతాబ్దమున స్థాపించిన విద్యుద్విశ్లేషణ నియమముల ననుసరించి లెక్కకట్టవచ్చును. నిండిన బ్యాటరీలోనికి వృథాగా పోయిన ఒక్కొక్క ఆంపియర్-గంటకు ఆరు గదులును కలిసి సుమారు రెండున్నర లీటర్ల హైడ్రోజనును విడుచును. నాలుగు ఆంపియర్ల ప్రాత ఛార్జరును నిండిన బ్యాటరీపై తెల్లవార్లు మరచిపోయినచో ఎంత వాయువు పోగగునో పాఠకులే ఊహింపవచ్చును. గాలిలో హైడ్రోజను నూటికి 4 పాళ్లనుండి 75 పాళ్లవరకు ఎంతయున్నను నిప్పు తగిలినచో మండును. మండుటకు దానికి కావలసిన నిప్పురవ్వ కంటికి కనబడనంత చిన్నదైనను చాలును. అంతకంటె విశేషము, బ్యాటరీ గదుల లోపలి ఖాళీలో ఈ హైడ్రోజను, ఆక్సిజను రెండింటికి ఒకటి అను పాళ్లలో, పేలుటకు సరిగా తగిన మిశ్రమమై నిలిచియుండును. అది రవులుకొన్నప్పుడు పగులునది బ్యాటరీ పెట్టె, ఎగజిమ్మునది ఆమ్లము, ఎదుట నున్నది వంగి చూచుచున్న మనుష్యుని ముఖము.

ఈ సంగతి మనస్సున నిలిచినచో క్లిప్పులు తగిలించు క్రమము కంఠస్థము చేయవలసిన పని యుండదు. విద్యుద్వలయము పూర్తియగునట్టి చివరి స్పర్శయందును, వలయము తెగునట్టి మొదటి వియోగమునందును నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ బ్యాటరీలో వాయువు వెలువడు కంతలకు దూరముగా పుట్టవలెను. వీలైనంతవరకు పుట్టకయే యుండవలెను. అందువలన మొదట గోడ స్విచ్చి ఆపియుండగా, ప్లగ్గు బయటనే యుండగా, ఎర్ర క్లిప్పును ధన టెర్మినలునకు తగిలించి, తరువాత నల్ల క్లిప్పును ఋణ టెర్మినలునకు గాక, బ్యాటరీకి దూరముగా ఇంజను దిమ్మపైనో బండి చట్రముపైనో రంగు వేయని గట్టి లోహభాగమునకు తగిలింపవలెను. కారు దేహమంతయు ఋణ టెర్మినలుతో కలిసియే యుండును గనుక విద్యుత్తు పోవుటకు ఆ స్థలము చాలును. రవ్వ లేచినను అది వాయువునకు ఎడముగా లేచును. పెట్రోలు గొట్టములు, కార్బురేటరు, పలుచని రేకులు ఇందుకు పనికిరావు. ఇంత జరిగినపిమ్మటనే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయవలెను. తీయునప్పుడు వరుస తలక్రిందులు: ముందు స్విచ్చి, ప్లగ్గు, తరువాత నల్లది, చివరకు ఎర్రది. బ్యాటరీని బండినుండి తీసి నేలపై పెట్టి నింపువారికి చట్రము లేదు. వారు రెండడుగుల ఇన్సులేషను గల తీగనొకదానిని ముందుగా ఋణ టెర్మినలునకు బిగించి, ఎర్ర క్లిప్పు తగిలించిన పిమ్మట, ఆ తీగ రెండవ కొనకు నల్ల క్లిప్పును ముఖము ప్రక్కకు త్రిప్పుకొని తగిలించుట సురక్షితమైన మార్గము.

ఎర్రది ధనమనియు నల్లది ఋణమనియు తీగల రంగునుబట్టి నమ్ముటయు తగదు. ప్రాత కార్లలో తీగలు తెగినప్పుడెల్ల చేతికందిన రంగు తీగ వేసినవారున్నారు. రెండు తీగలును నల్లగా మాసియున్న బండ్లు కొల్లలు. బ్యాటరీ పెట్టెపై అచ్చొత్తిన కూడిక, తీసివేత గుర్తులను బట్టతో తుడిచి, వెలుతురులో చూచి రూఢిచేసికొనవలెను; ధన టెర్మినలు రెండవదానికంటె కొంచెము లావుగా నుండుట మరొక ఆనవాలు. తారుమారైనచో ఆల్టర్నేటరులోని డయోడులును, నేటి బండ్లలోని విలువైన కంట్రోలు యూనిట్లును దగ్ధమగును.

ఇచ్చట మన పనివారి ఆచారమొకటి ఖండింపక తప్పదు. బ్యాటరీలో బలమున్నదో లేదో చూచుటకు రెండు టెర్మినళ్ల నడుమ స్పానరునో తీగముక్కనో చటుక్కున తాకించి నిప్పురవ్వల లావునుబట్టి తీర్పు చెప్పుట అనేక షెడ్డులలో నేటికిని కలదు. ఛార్జింగునుండి అప్పుడే తీసిన బ్యాటరీపై ఈ పరీక్ష చేయుట పైన వివరించిన వాయుమిశ్రమమునకు చేతులార నిప్పు ముట్టించుటయే. కొన్ని వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు ఇంతకంటె సత్యమైన సమాధానము నిరపాయముగా చెప్పుచున్నప్పుడు ఈ సాహసమునకు ఏ సమర్థనయు లేదు. అట్లే ఇండ్లలో మనకు నిప్పని తోచని నిప్పులు కొన్ని గలవు: దేవుని గదిలోని దీపము, అగరువత్తి, వరండాలో వెలిగించిన దోమలచక్రము, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జులోని స్విచ్చి. వానలకు భయపడి బ్యాటరీని వంటయింటి మూలకో, కిటికీలు మూసిన గదికో చేర్చువారు వీనిని తలపరు. హైడ్రోజను గాలికంటె సుమారు 14 రెట్లు తేలికైనది. అది పైకెగసి కప్పు క్రిందను, మూసిన బోనెట్టు క్రిందను చేరును. కనుక బోనెట్టు పూర్తిగా ఎత్తియుంచుట, గాలి ఆడు పోర్టికోలోనో వాకిటనో పని సాగించుట, సీటు క్రింద బ్యాటరీ గల బండియైనచో తలుపులన్నియు తెరచుట అవసరము. ఇదే సందర్భమున ఒక మాట: హాలులో సోఫా ప్రక్కను, పడకగదిలో మంచము క్రిందను ఇన్వర్టరు బ్యాటరీ నుంచుకొన్న ఇండ్లు మనకు చాల గలవు. 150 ఆంపియర్-గంటల ఆ పెద్ద బ్యాటరీకిని ఈ నియమమే వర్తించును, వర్షాకాలపు కరెంటు కోతల పిమ్మట మరింతగా వర్తించును.

ఛార్జరుల విషయము విమర్శకు అధికముగా తావిచ్చునది. ప్రాత తరహా ఛార్జరులో నుండునది ట్రాన్స్‌ఫార్మరు, డయోడులు, ఒక అమ్మీటరు, అంతే. బ్యాటరీ నిండినదని దానికి తెలియదు, తెలిసికొనవలసిన భారము మనుష్యునిదే. నూతన ఛార్జరు మొదట నిండు ప్రవాహమును పంపి, 14.4 వోల్టుల ప్రాంతమున ఆగి ప్రవాహమును క్రమముగా తగ్గించి, నిండినపిమ్మట 13.5 మొదలు 13.8 వోల్టుల వరకు దించి కాపు కాయును. ఇంటికి ఏది కొనవలెనని అడుగువారికి నేను సందేహింపక రెండవదానినే చెప్పుదును. ధరలోని తేడా ఒక బ్యాటరీ ఖరీదులో స్వల్పభాగము. ప్రవాహము బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతుండుట చిరకాలముగా మన్ననపొందిన సూత్రము: 45 ఆంపియర్-గంటల దానికి నాలుగు నాలుగున్నర ఆంపియర్లు. సగము రిక్తమైన అట్టి బ్యాటరీకి లోపలి నష్టములతో కలిపి సుమారు 26 ఆంపియర్-గంటలు పట్టును గనుక ఆరేడు గంటలును, చివరి దశ నిదానమునకు మరి రెండు మూడు గంటలును కావలెను. గంటలో నింపుదునను ఛార్జరు బ్యాటరీ ఆయువును హరించునదే గాని కాలమును మిగుల్చునది కాదు.

ఐతే తనంతట తానాగు ఛార్జరునకు కూడ తెలియని సంగతులున్నవి. వానిలో మొదటిది ఎండ. ఫలకముల రసాయనక్రియ వేడిలో త్వరితమగును. కావున 25 డిగ్రీలకు నిర్ణయించిన వోల్టులు 40 డిగ్రీల వేళ అధికమగును. బ్యాటరీ మొత్తముపై డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గింపవలెనని లెక్క. అనగా రెంటచింతల, రామగుండము వంటి తావుల వైశాఖపు మధ్యాహ్నమున 14.4కు బదులు 14.1 చాలును. ఈ సవరణ స్వయముగా చేయు ఛార్జరులు కొన్ని గలవు, చాలవానికి లేదు. లేనివారు వేసవిలో తెల్లవారుజామున పని ఆరంభించి ఎండ ముదురునప్పటికి ముగించుట మంచిది. పెట్టెపై చేయి యుంచినచో గోరువెచ్చదనము సహజము. చేయి నిలువనంత వేడియైనచో ఆ క్షణమే స్విచ్చి ఆపవలెను. క్రుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చినచో ప్రశ్నయే లేదు. అది మితిమీరి నిండిన లేక చెడిన బ్యాటరీ విడుచు హైడ్రోజను సల్ఫైడు, విషవాయువు. ఇందువలననే మనుష్యులందరు నిద్రించు రాత్రివేళ ఛార్జింగు పెట్టుట నాకు సమ్మతము కాదు. విక్రేతలు ఎంత హామీ ఇచ్చినను, మెలకువగల మనుష్యుడు గంటకొకసారి చూచి పోవు పగటివేళయే ఈ పనికి తగినది.

చవకగా పని జరుపుకొనుటకు కొందరు ఆశ్రయించు పద్ధతి ఒకటి ప్రాణాంతకమైనది గనుక ప్రత్యేకముగా చెప్పవలెను. వంద వాట్ల బల్బును, ఒక డయోడును వరుసగా కలిపి ఇంటి కరెంటునే నేరుగా బ్యాటరీకి తగిలించుట పల్లెలలో ఇంకను అక్కడక్కడ జరుగుచున్నది. బల్బు ప్రవాహమును అదుపున ఉంచుననుట నిజమే. కాని ట్రాన్స్‌ఫార్మరు లేనందున బ్యాటరీ టెర్మినళ్లకును, బ్యాటరీ బండిలోనే యున్నచో బండి రేకు మొత్తమునకును, 230 వోల్టుల ఇంటి లైనుతో సంబంధమేర్పడును. ఆ బండి తలుపును ముట్టుకొన్న పిల్లవాని గతి ఊహింపరానిది. పన్నెండు వోల్టులు షాకు నీయవను పనివారి ధైర్యవాక్యము మంచి ఛార్జరు విషయముననే సత్యము. లోపల ఇంటి లైనునకును క్లిప్పులకును నడుమ విభజన సరిగా లేని నాసి ఛార్జరు కూడ ఇదే ప్రమాదమును తెచ్చును; ఐఎస్ఐ గుర్తు గాని, ప్రసిద్ధమైన తయారీదారు పేరు గాని లేనిదానిని ధర చూచి కొనరాదు.

సెల్లారులలో జరుగు ఛార్జింగున మరొక ప్రమాదము గోడ ప్లగ్గువైపున నుండును. పది ఆంపియర్ల ఛార్జరు సైతము గోడనుండి లాగునది ఒక ఆంపియరు ప్రాంతము మాత్రమే. కాబట్టి ఎక్స్‌టెన్షను తీగ కాలిపోవునను భయము అంతగా లేదు. భయపడవలసినది దాని తొడుగు చిరుగులకు, నేల తడికి. మొదటి అంతస్తు బాల్కనీనుండి క్రిందికి జారవిడిచిన రెండు తీగల వైరు, నడుమ టేపు చుట్టిన అతుకు, ఆ అతుకు సెల్లారు కడిగిన నీటిలో తడియుచుండుట: ఈ దృశ్యము ఎరుగని అపార్టుమెంటు లేదు. అతుకులేని మూడు తీగల కేబులు, మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తు, ఇంటి మెయినులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనంతనే తెగు ఆర్‌సీసీబీ ఉన్నచో ఈ ప్రమాదము చాలవరకు తొలగును. వానలో ఆరుబయట ఈ పని చేయరాదు. ఛార్జరును బ్యాటరీ నెత్తిపై గాక, తీగ చేరినంత దూరమున, నేలకెత్తుగా పీటమీద నుంచవలెను. ఆమ్లపు ఆవిరి తగిలిన ఛార్జరు లోపల చిలుము పట్టి ఒకనాడు తానే ప్రమాదహేతువగును.

ఆమ్లము నిశ్శబ్దముగా హాని చేయునది. బ్యాటరీలోని ద్రవము బరువులో మూడవ వంతుకు మించి గంధకామ్లమే. మూతపై నిలిచిన తేమను నీరనుకొని లుంగీ కొంగుతో తుడిచినవానికి అప్పటికేమియు తోచదు. నీరు ఆవిరియైన కొలది ఆమ్లము చిక్కబడి నూలుపోగులను తినివేయుచు, మరునాడు ఉతికి ఆరవేసిన పిమ్మట గాని చిల్లులు కనబడవు. బట్టకు జరిగినదే కంటికి జరిగినచో తిరిగిరానిది పోవును. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. బకెట్టుతో మంచినీరు చేరువ నుంచుకొనవలెను. కంట పడినచో రెప్పలు విప్పి ఇరువది నిముషముల పాటు ధారగా నీటితో కడుగుచునే యుండి, వెంటనే కంటి వైద్యునికడకు పోవలెను. వంటసోడా నేలపై ఒలికిన ఆమ్లమును, టెర్మినళ్లపై పేరుకొన్న తెల్లని చిలుమును విరుచుటకు మాత్రమే. కంటిలో వేయుటకు కాదు. అన్నిటికంటె ఘోరమైనది, షాపునుండి తెచ్చిన ఆమ్లమునో బ్యాటరీ నీటినో త్రాగునీటి ప్లాస్టిక్ సీసాలో పోసి కిటికీలో నుంచుట. దప్పికతో వచ్చిన బిడ్డకు ఆ సీసాలోనిది ఏమిటో తెలియదు. ఈ అలవాటును మాన్పుటకు ఎంత కఠినముగా పలికినను అది అధికము కాదు.

మూతలు విప్పదగిన బ్యాటరీలలో నీరు పోయవలసినది ఛార్జింగు ముగిసిన తరువాత. ముందే అంచుమట్టముగా పోసినచో నిండుచున్న వేళ ద్రవము ఉబికి పొరలును. ఫలకములు తేలి కనబడుచున్నచో మాత్రము అవి మునుగునంత ముందుగా పోసికొనవచ్చును. పోయవలసినది డిస్టిల్డు వాటరు మాత్రమే. త్రాగుటకు వాడు ఫిల్టరు నీటిలో లవణములు మిగులును, అవి ఫలకములకు శత్రువులు. తరిగిపోవునది నీరే గాని ఆమ్లము కాదు గనుక, “కొంచెం యాసిడ్ వేస్తే చురుకౌతుంది” అను సలహా వినదగినది కాదు.

బ్యాటరీని బండినుండి తీయవలసినచో ఋణ తీగను ముందు విప్పవలెను. ధన నట్టు విప్పుచుండగా స్పానరు కొస బండి రేకునకు తగిలినను అప్పుడు వలయము పూర్తికాదు. ఋణము బిగిసియుండగా తగిలినచో వందల ఆంపియర్లు ఆ స్పానరుగుండ పరుగెత్తును. స్పానరు స్థానమున బంగారు ఉంగరమో, వాచి గొలుసో, చేతి కడియమో ఉన్నచో అది క్షణములో ఎర్రగా కాలి చర్మమును ఎముక వరకు దహించును. షాకు లేకున్నను పన్నెండు వోల్టులు చేయగల కీడు ఇది. పని ఆరంభించుటకు ముందు వ్రేళ్లకు మణికట్టునకు నున్న లోహమంతయు తీసి ఇంటిలో నుంచుట, ఆడవారైనను మగవారైనను, తప్పనిసరి.

అన్ని బ్యాటరీలును నింపదగినవి కావు. ప్రక్కలు ఉబ్బినదానిని, పెట్టె పగిలినదానిని, ద్రవము కారుచున్నదానిని ఛార్జింగు పెట్టరాదు. చికాగో, టొరంటో వంటి శీతల నగరములలోనున్న మన తెలుగువారికి వేరొక జాగ్రత్త: అడుగంటిన బ్యాటరీలో ఆమ్లము నీరుగా పలుచబడియుండును గనుక సున్నకు కొలది డిగ్రీల దిగువననే అది గడ్డకట్టును, గడ్డకట్టినదానిని నింపబోయినచో పగులుట, పేలుట సంభవించును. అది గదిలో పూర్తిగా కరగి, పెట్టె చీలలేదని తేలినపిమ్మటనే ఛార్జరు మాట. ఇక గంటలతరబడి నింపినను 10.5 వోల్టుల దగ్గర నిలిచిపోవు బ్యాటరీలో ఒక గది మరణించినదని అర్థము. దానికి ఇంకను ఛార్జింగు పెట్టుట మిగిలిన ఐదు గదులను ఉడికించి వాయువు పుట్టించుటయే. తెలివిగల ఛార్జరు ఇట్టి బ్యాటరీని నిరాకరించినప్పుడు, దానిని మోసగించుటకు వేరొక మంచి బ్యాటరీని ప్రక్కన కలిపి నింపుమని సలహా ఇచ్చువారున్నారు. ఆ నిరాకరణము చాలసార్లు రక్షణార్థమైనది. ఇంటిలో దానిని దాటరాదు, షాపులో పరీక్ష చేయింపవలెను.

సీలు చేయబడిన ఏజీఎం, జెల్ రకముల బ్యాటరీలకు ఛార్జరుపై వేరు మీట యుండును. 15 వోల్టులకు మించు రిపేరు మీటను వానిపై నొక్కరాదు. లిథియం బ్యాటరీకి దానికొరకు చేసిన ఛార్జరు తప్ప మరొకటి పనికిరాదు. ఋణ టెర్మినలుపై కొలత పరికరము బిగించియున్న నూతన కార్లలో నల్ల క్లిప్పు చట్రముపైననే పెట్టవలెనని తయారీదారులు చెప్పుచున్నారు; పెట్టనిచో లోనికి పోయిన విద్యుత్తు బండి లెక్కకు రాదు. ఈ విషయములందు బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.

ఛార్జింగు ముగిసినంతనే మీటరు చూపు సంఖ్యను నమ్మరాదు. ఫలకముల పైపొరన నిలిచిన విద్యుత్తు కొన్ని గంటలకు అణగిన తరువాత వచ్చునదే నిజమైన లెక్క. మరునాటి ఉదయము బండి తాళము తీయకముందే కొలచినప్పుడు 12.6 నిలిచియున్నచో బ్యాటరీ నిర్దోషి. అది మొదట ఎందుకు అడుగంటినదో వెదకవలసినది బండిలో. డిక్కీలో ఆరని దీపమో, బయట కొనితెచ్చి బిగించిన కెమెరాయో, ఛార్జి చేయని ఆల్టర్నేటరో, రోజునకు రెండు కిలోమీటర్లు మాత్రమే నడుచు బండియో కారణమై యుండును. ఈ అన్వేషణ చేయక వారమువారము ఛార్జరు తగిలించువారు రోగమును దాచుకొనుచున్నారు, పైన చెప్పిన అపాయక్షణములను అన్నిమార్లు కొనితెచ్చుకొనుచున్నారు. ఒక్క రాత్రిలో 12.2కు దిగినచో, బండిలో విద్యుత్తును కాజేయునది లేదని తేలినపిమ్మట, బ్యాటరీకి కాలము తీరినట్లే. క్రొత్తది కొనునప్పుడు ప్రాతదానిని ఆ అంగడివానికే అప్పగించి బిల్లులో తగ్గింపు అడుగవచ్చును; 2001 నాటి నిబంధనలు, వాని స్థానమున వచ్చిన 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు రెండును ప్రాత బ్యాటరీలు తిరిగి సేకరణకు చేరుటనే కోరుచున్నవి. నాలుగు రూపాయలు ఎక్కువ ఇత్తునని వచ్చిన పాతసామాను బండివానికి ఇచ్చినచో, అతడు దానిని ఏ కాలువగట్టుననో పగులగొట్టి ఆమ్లమును మురుగులో వంపి సీసమును కరగించును. ఆ పొగ పీల్చువారు ఆ గట్టున నివసించు పిల్లలు. అంగడికి చేర్చునంతవరకు దానిని నిలువుగా, టెర్మినళ్లకు టేపు చుట్టి, ఎండ తగులని చోట, పిల్లల చేతికందకుండ నుంచవలెను.